శ్వాస నిమిత్తం పురుషుడు

మూడో నంబరు డిపోలో ముక్కున్న ప్రతివాడికీ తెలిసిన సంగతి ఒకటి, ఊదే మిషన్‌కి మాత్రం ఆరేళ్ళపాటు తెలియలేదు. రోజూ పొద్దున ఐదున్నరకి నలభై ఒక్కమంది డ్రైవర్లు మంచినీటి ట్యాంకర్లు తీయడానికి వస్తారు. అందులో ఇరవైమందికి ముందురోజు వేసుకున్నది ఇంకా దిగి ఉండదు. వాళ్ళు గేటు దాటుతుంటే కుక్కలు కూడా మర్యాదగా పక్కకి తప్పుకునేవి. అయినా మిషన్ ముందు నిలబడ్డారంటే నలభై ఒక్కరికీ సున్నా. నగర మంచినీటి సంస్థ ప్రధాన కార్యాలయం వాళ్ళు ఏటేటా వచ్చి, 'మద్యరహిత డిపో' అని షీల్డు ఇచ్చి, మేనేజరు పానకాలరావుగారి మెడలో దండ వేసి, ఫొటో దిగి వెళ్ళేవాళ్ళు.

తాగినవాళ్ళ సున్నాలన్నీ సలోమివి.

సలోమి ఆ డిపోలో పద్నాలుగేళ్ళుగా ట్యాంకరు నడుపుతోంది. పుట్టినప్పుడు మగపిల్లవాడని రాశారు, చర్చిలో మగపేరు పెట్టారు, ఉద్యోగమూ ఆ పేరు మీదే వచ్చింది. ఆ పేరు ఆమెకి ఎన్నడూ సరిపోలేదు కాబట్టి మనమూ దాన్ని ఇక్కడ పలకొద్దు. చెప్పుకోవలసిన ముఖ్యమైన మాట ఏమిటంటే ఆమెకి మందు వాసనే పడదు. గ్లాసు ముట్టదు. ఆ రోజుల్లో తోటి డ్రైవర్లు పుల్లవిరుపుగా అనేవాళ్ళు, "తాగనోడు మగాడెట్టా అవుతాడ్రా?" అని. ఆమె మాత్రం, వీళ్ళు తెలియకుండానే ఒక్క నిజం చెప్పారని మనసులో నవ్వుకునేది.

ఊదడం ఎలా మొదలైందంటే, ఆరేళ్ళ కిందట నాసరయ్య అనే డ్రైవరు బావమరిది పెళ్ళిలో మునిగి తేలి, తెల్లారి తూలుకుంటూ డ్యూటీకొచ్చాడు. అప్పటికే రెండుసార్లు దొరికిన మనిషి, మూడోసారైతే ఉద్యోగం ఊడుతుంది. గేటు పక్క గదిలో మిషన్ పట్టుకుని కూర్చునే కాపలాదారు సుభానీ కాళ్ళమీద పడి బావురుమన్నాడు. సుభానీ మెత్తటి మనిషి. సలోమిని చూశాడు. "ఈ ఒక్క పాలికి నేను ఊదుతాలే, పాపం" అంది సలోమి. ఆ ఒక్క పాలి ఆరేళ్ళు సాగింది.

ఏర్పాటు ఎంత చక్కగా కుదిరిందనుకున్నారు! గదిలో కెమెరా ఉంది, ఎవడు ఊదుతున్నాడో ఫొటో తీస్తుంది. కెమెరాకి మొహం కనిపిస్తుంది గాని బల్ల కింద ఏం జరుగుతుందో కనిపించదు. డ్రైవరు కెమెరా ముందు నిలబడి, ఒట్టి గొట్టం ముక్కొకటి నోట్లో పెట్టుకుని, బుగ్గలు పూరించి కళ్ళు పెద్దవి చేసేవాడు. అసలు గొట్టం బల్ల కిందనుంచి వెనక్కి పోయేది. అక్కడ బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని సలోమి ఊదేది. బుగ్గలు వాళ్ళవి, ఊపిరి ఆమెది.

ఊది ఊరుకునే మనిషైతే ఆమె మీద మనకీ కోపం రావాల్సిందే. తాగినవాడి చేతికి పన్నెండు వేల లీటర్ల ట్యాంకరు ఇస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అందుకని మరీ తూలేవాళ్ళని టైర్ల షెడ్డులోకి తోలి, చెంబెడు మజ్జిగ తాగించి పడుకోబెట్టేది. వాళ్ళ మొదటి ట్రిప్పు తనే తోలేది. ఎనిమిదింటికి లేపి, కళ్ళల్లోకి చూసి, సరిగ్గా ఉన్నాడనుకుంటే తాళాలిచ్చేది. ఆరేళ్ళలో మూడో నంబరు డిపో ట్యాంకరు ఒక్క గోడని కూడా గీకలేదు. ఆ మాట ఏ షీల్డు మీదా రాయలేదనుకోండి.

ముప్పై ఏడో ఏట సలోమి ఇక ఆగలేకపోయింది. ఆసుపత్రుల చుట్టూ తిరిగింది, కలెక్టరాఫీసు చుట్టూ అంతకు రెండింతలు తిరిగింది. చివరికి 'సలోమి, స్త్రీ' అని గుర్తింపు పత్రం తెచ్చుకుంది. ఈ తిరుగుడంతా మధ్యాహ్నాలే; పొద్దున ఊదడం ఒక్కరోజూ మానలేదు. ఆ మర్నాడు నీలం చీర కట్టుకుని వచ్చి డిపో గేటు దగ్గర నిలబడింది.

ఆమె అదృష్టమో దురదృష్టమో గాని అప్పుడే సంస్థలో సమానత్వ పక్షోత్సవాలు మొదలయ్యాయి. ఏ డిపోలో ఎవరిని సన్మానించాలా అని ప్రధాన కార్యాలయం దుర్భిణీ వేసి వెతుకుతోంది. ఆమె కనిపించేసరికి వాళ్ళ నెత్తిన పాలు పోసినట్టయింది. ఎండీగారు స్వయంగా కారు దిగి వచ్చి శాలువా కప్పారు.

"మన సంస్థ లింగవైవిధ్యమును హృదయపూర్వకముగా అక్కున చేర్చుకొనుటకు కంకణబద్ధమై యున్నది," అని చదివారు కాగితం చూసి. "ఈ సోదరీమణి మన సంస్థకు మణిపూస."

ఆమె చేతికి బ్యాడ్జీ ఇచ్చారు. 'సలోమి, డ్రైవర్.' ఆ రోజు సలోమి ట్యాంకరు తోలుతూ ఎర్రలైటు పడ్డచోటల్లా ఆ బ్యాడ్జీని వేలితో తడిమి చూసుకుంది. ఒకచోట పచ్చలైటు పడ్డా కదలకపోతే వెనకనుంచి ఆటోలవాళ్ళు నానా తిట్లూ తిట్టారు. ఆమెకి అవి కూడా తియ్యగానే వినిపించాయి.

కానీ ఎంతైనా బ్యాడ్జీ ప్లాస్టిక్ ముక్క. సర్వీసు పుస్తకంలో ఎక్కితేనే ఉద్యోగంలో ఎక్కినట్టు. ఆ పుస్తకం మొదటి పేజీలో పేరు, లింగం అనే రెండు గళ్ళున్నాయి. ఆ రెండూ మారి, పక్కన ఎండీగారి సంతకం పడాలి. "త్వరలో," అన్నారు పానకాలరావుగారు. ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి సలోమికి భయం వేసింది.

మర్నాడు పొద్దున అసలు కథ మొదలైంది. సంస్థ నియమావళి ప్రకారం మహిళా డ్రైవర్లు వేరే గదిలో, వేరే మిషన్‌లో ఊదాలి. డిపోలో అంతకుముందు మహిళా డ్రైవరే లేదు కనుక ఆ మిషన్ ఆరేళ్ళుగా పెట్టెలోనే ఉంది. పానకాలరావుగారు దానికి కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ప్రారంభించారు. సలోమి ఊదింది. సున్నా. అందరూ చప్పట్లు కొట్టారు.

అవతల గదిలో మగవాళ్ళు ఎవరి ఊపిరి వాళ్ళే ఊదాల్సి వచ్చింది. నాసరయ్య ఊదగానే మిషన్ ఈల వేసింది. తరువాతివాడికీ వేసింది. ఆరేళ్ళుగా నోరు మూసుకున్న మిషన్ ఆ పొద్దున ఇరవైసార్లు ఈల వేసి వేడెక్కి ఆగిపోయింది. సుభానీ తల పట్టుకుని కూలబడ్డాడు.

పానకాలరావుగారికి గుండె ఆగినంత పనైంది. షీల్డు తీసుకునే పండగ ఇంకా రెండు నెలలే ఉంది, కొత్త సూటుకి కొలతలు కూడా ఇచ్చి ఉన్నారు. "నిన్నటిదాకా ఆవగింజంత వాసన లేని డిపో, ఇవాళ సారాకొట్టు ఎట్టా అయిందయ్యా?" అని అరిచారు. నిజం చెబితే సుభానీ పోతాడు, సలోమి పోతుంది, ఇరవైమందీ పోతారు. అంచేత అందరూ తలా ఒక దిక్కు చూశారు.

ఎవరిమీదా చర్య తీసుకోకముందే పైనుంచి విచారణ సంఘం దిగింది. సంఘమంటే ఇద్దరే. ఒకాయన గణాంకాధికారి పరాంకుశం; అంకెలు తప్ప మనుషులు కనిపించని మనిషి. రెండో ఆమె సంక్షేమ సలహాదారు డాక్టర్ విశాలాక్షి. ప్రతి వాక్యానికీ ముందు కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకుంటుంది. వారం రోజులు డిపోలో కూర్చుని అన్నీ పరిశీలించారు, ఒక్క బల్ల కింద తప్ప.

ఎనిమిదో రోజు పరాంకుశంగారు తెర మీద రెండు గీతలు చూపించారు.

"సభ్యులు గమనించగలరు. గత డెబ్బయి రెండు మాసములుగా ఈ డిపో పురుష విభాగమందు మద్యపానము శూన్యము. సదరు ఉద్యోగిని పురుష విభాగము నుండి స్త్రీ విభాగమునకు బదిలీ అయిన మరునాటి ఉదయము ఐదు గంటల నలభై నిమిషములకు మద్యపానము ఏబది శాతము. మధ్యలో మరే మార్పూ సంభవించలేదు. కావున, ఒక వ్యక్తి స్త్రీగా మారుట వలన ఇరవైమంది పురుషులు తాగుబోతులైరని గణాంకశాస్త్రము నిర్ద్వంద్వముగా నిరూపించుచున్నది."

చివరి వరసలో కూర్చున్న సలోమికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

విశాలాక్షిగారు కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకున్నారు. "ఇది శోకం," అన్నారు. "తమలో ఒక పురుషుణ్ణి కోల్పోయిన సామూహిక శోకం. ఆ ఖాళీని వాళ్ళు మద్యంతో నింపుకుంటున్నారు. దయచేసి వాళ్ళని నిందించకండి, వినండి."

నాసరయ్య బుర్ర తక్కువవాడేం కాదు. కంటికి కనిపించిన దారి వదులుకుంటాడా! వెంటనే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని గొల్లుమన్నాడు. "అవునండమ్మా, శోకమేనండీ! బంగారం లాంటి అన్న, మమ్మల్ని వదిలేసి పోయాడండీ! ఆ రోజునించి ముద్ద మింగుడు పడట్లా, మందు తప్ప!" వెనక పంతొమ్మిదిమందీ ముక్కులు చీదారు.

"ఇక్కడే ఉన్నాను గదయ్యా నాసరయ్యా! నిన్ననే నీకు మజ్జిగ పోశాను," అంది సలోమి.

"చూశారా," అన్నారు విశాలాక్షిగారు జాలిగా, "ఆవిడ కళ్ళెదుటే ఉన్నా ఆయన చూడలేకపోతున్నాడు. శోకం ఎంత లోతుగా ఉందో!"

శోకతప్తులకి కారుణ్య పరిమితి ప్రకటించారు. అంటే, శోకం కారణంగా తాగినవాళ్ళకి మిషన్ ఈల వేసినా నలభై రోజులపాటు డ్యూటీ ఇవ్వవచ్చని ఉత్తర్వు. శోకధ్రువీకరణ పత్రాలు అచ్చువేశారు. నలభైమంది మగ డ్రైవర్లలో మొదట ఇరవైమందే శోకంలో ఉండేవాళ్ళు. ఉత్తర్వు వచ్చిన మూడో రోజుకి ముప్పై నలుగురయ్యారు. ఇన్నాళ్ళూ ఊరికే ఇంటికి పోయి పప్పన్నం తిని పడుకునే వెంకటస్వామి కూడా శోకంలో పడ్డాడు. పత్రం చేతికొచ్చాక తాగకపోతే సంస్థని అవమానించినట్టవుతుందని అన్నాడు.

టైర్ల షెడ్డు ఖాళీ అయింది. పత్రం జేబులో ఉన్నవాణ్ణి పడుకోమనడానికి సలోమి ఎవరు? నాసరయ్య ట్యాంకరు వెనక్కి తోలుతూ మార్కెట్టు పక్క మంగలి షాపు గోడని పడగొట్టాడు. లోపల గడ్డం గీయించుకుంటున్న పెద్దాయన సబ్బు నురగతో రోడ్డు మీదికి పరుగెత్తాడు. దెబ్బలు తగల్లేదు గాని సలోమి ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ఆ గోడ తన మీద పడ్డట్టే ఉంది ఆమెకి. ఆరేళ్ళు ఊదకుండా ఉండి ఉంటే వీళ్ళలో సగంమంది ఈ పాటికి మానేసేవాళ్ళేమో, లేకపోతే స్టీరింగు దగ్గరికే రాకుండా పోయేవాళ్ళేమో. ఈ లెక్క ఎటు వేసినా చివరికి తన దగ్గరికే వచ్చింది. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

గోడ పడిన సంగతి పేపర్లో వచ్చింది. ఎండీగారు పరాంకుశంగారిని పిలిచి ఏదో ఒకటి చేయమన్నారు. పరాంకుశంగారికి కళ్ళెదుటే సమాధానం ఉంది. ఒక్కరు పురుష విభాగం వదలడం వల్ల వచ్చిన రోగానికి ఆ ఒక్కరు తిరిగి రావడమే మందు. కానీ సమానత్వ పక్షోత్సవాల ఫొటోలు అన్ని బోర్డుల మీదా ఉన్నాయి, శాలువా వెనక్కి తీసుకోవడం కుదరదు. రెండు రోజులు తలుపులేసుకుని కూర్చుని, రెండూ నిలబడే ఉత్తర్వు ఒకటి తయారుచేశారు. పానకాలరావుగారు సలోమిని తన గదికి పిలిచి, కుర్చీ వేయించి, టీ కూడా చెప్పి, దాన్ని చదివి వినిపించారు.

"సదరు ఉద్యోగిని సర్వ వ్యవహారములందును స్త్రీగా పరిగణింపబడును. అయితే డిపో ఆరోగ్య ప్రయోజనముల దృష్ట్యా, ప్రతి దినము ఉదయము ఐదున్నర నుండి ఆరుంబావు వరకు, శ్వాస నిమిత్తము మాత్రమే, పురుషుడిగా పరిగణింపబడును. ఆ వ్యవధిలో పురుష విభాగపు గదియందు హాజరుండి, పూర్వపు బ్యాడ్జీ ధరించవలెను."

సలోమి టీ గ్లాసు కింద పెట్టింది. "శ్వాస నిమిత్తం అంటే ఏందండీ?"

"అంటే నువ్వు ఆడమనిషివేనమ్మా," అన్నారు పానకాలరావుగారు ఓదార్పుగా. "ఊపిరి ఒక్కటే మగాడిది. నిబంధన నాలుగు చూడు, ఎంత వివరంగా ఇచ్చారో. 'లోనికి పీల్చిన గాలి స్త్రీదిగాను, వెలుపలికి వదలిన గాలి పురుషునిదిగాను భావించవలెను.' సగం సగం. నీకు అన్యాయం జరక్కుండా మేం చాలా కష్టపడ్డాం."

"మరి ఆ ముప్పావు గంటలో తుమ్మొస్తే?"

పానకాలరావుగారు కాగితం తిరగేశారు. "దగ్గు, తుమ్ము, ఆవలింతలు అనుబంధం 'ఖ'లో ఉన్నాయి. ఆవలింత మాత్రం పరిశీలనలో ఉంది."

ఆమె అడగాలనుకున్నది ఒక్కటే, అదీ అడిగింది. "సర్వీసు పుస్తకం సంగతేందండీ? అందులో ఏమని రాస్తారు?"

"అదే చెబుతున్నా," అని ఆయన ఇంకో కాగితం ముందుకు తోశారు. "ఈ అంగీకార పత్రం మీద నీ పాత పేరుతో సంతకం పెట్టు. పెట్టగానే పుస్తకం పైకి పంపిస్తా. పెట్టకపోయావనుకో, అది పునఃపరిశీలనలో పడిద్ది. పునఃపరిశీలనంటే నీకు తెలియంది కాదు. అక్కడ పడ్డ ఫైలుని చెదలు కూడా మర్చిపోతయ్."

రేపు పొద్దునకల్లా చెబుతానని లేచి వచ్చింది.

బయట చెట్టు కింద ముప్పై నలుగురు శోకతప్తులూ ఎదురుచూస్తున్నారు. ఆమె చీర కట్టుకుని వచ్చిన రోజునించి వాళ్ళు ఆమెని ఏమని పిలవాలో తెలియక, "ఇదిగో", "నిన్నే" అంటూ గాలిలోకి మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు ఆమెని చూడగానే నాసరయ్య నోటినుంచి తేనె కారింది.

"అక్కా! సలోమక్కా! సంతకం పెట్టెయ్యక్కా. నలభై రోజుల శోకం ఎల్లుండితో అయిపోద్ది. మా పెళ్ళాం బిడ్డల మొహం చూడక్కా. ముప్పావు గంటే గదా, కళ్ళు మూసుకుంటే పోద్ది."

"ముప్పై ఏడేళ్ళు మూసుకున్నా నాసరయ్యా," అంది సలోమి. "ఇంకో ముప్పావు గంట కూడా నావల్ల కాదు. నువ్వు నన్ను అక్కా అన్నావు చూడు, ఆ మాట కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశానో నీకు తెలియదు. చివరికి మళ్ళీ అన్నని చేయడానికి అన్నావట్రా ఆ మాట?"

నాసరయ్య తల దించుకున్నాడు. వాడికి నిజంగానే సిగ్గేసింది. కానీ ఎల్లుండి సంగతి గుర్తొచ్చి మళ్ళీ తలెత్తి, "పోనీ అరగంట?" అన్నాడు.

ఆమె నేరుగా గేటు గదికి పోయింది. సుభానీ మిషన్ తుడుచుకుంటున్నాడు.

"సుభానీ భాయ్, ఉన్నది ఉన్నట్టు రాసి ఇద్దామనుకుంటున్నా. బక్కెట్టు, గొట్టం, అన్నీ. రాస్తే నీ ఉద్యోగం పోద్ది. వద్దంటే మానేస్తా."

సుభానీ గుడ్డ పక్కన పెట్టాడు. "పదకొండేళ్ళనుంచి ఈ గదిలో ఉన్నా తల్లీ. నేను కాంట్రాక్టు ఏజెన్సీ మనిషిని. ఈ సంస్థ రిజిస్టర్లలో ఏ ఒక్కదాంట్లో కూడా నా పేరు లేదు. మొన్న సన్మానానికి కుర్చీలేసింది నేను, వాటి లెక్క రాశారు గాని నన్ను రాయలా. నువ్వు నా పేరు రాసినా వాళ్ళకి నేను దొరకను. నువ్వు మాత్రం దొరుకుతావు. అది ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నా. ఆ మంగలి షాపు గోడ పడ్డకాణ్ణించి అదే ఆలోచన."

"అయితే రాయమ్మా. అక్షరాలు గుండ్రంగా రాయి, చదవలేదని తప్పించుకుంటారు."

ఆమె నాలుగు పేజీలు రాసింది. ఎవరికోసం ఎన్నిసార్లు ఊదిందీ, టైర్ల షెడ్డులో ఎవరిని పడుకోబెట్టిందీ ఏమీ దాచలేదు. తను చేసింది తప్పేననీ, తాగినవాణ్ణి కాపాడుతున్నాననుకుని రోడ్డు మీద జనాన్ని వదిలేశాననీ రాసింది. చివర 'సలోమి' అని సంతకం పెట్టి, ఒక కాపీ పానకాలరావుగారికిచ్చి, ఇంకోటి రిజిస్టరు పోస్టులో ఎండీగారికి పంపింది.

ఉత్తరం చదివి పరాంకుశంగారు చిరునవ్వు నవ్వారు. "ఇది అసాధ్యం. డెబ్బయి రెండు మాసముల అంకెలు మేమే తనిఖీ చేసి ముద్ర వేశాము. ముద్ర వేసిన తర్వాత నిజము మారదు."

పానకాలరావుగారికి ఇంకా మంచి ఆలోచన తట్టింది. "సంతకం చూశారా సార్? సలోమి అని పెట్టింది. సర్వీసు పుస్తకాల ప్రకారం ఆ పేరు గల ఉద్యోగి మన డిపోలో లేనే లేరు. లేని మనిషి రాసిన ఉత్తరం అందనట్టే లెక్క."

ఇద్దరూ చేతులు దులుపుకుని విశాలాక్షిగారితో కలిసి టీ తాగుతుండగా ప్రధాన కార్యాలయం నుంచి లా ఆఫీసరు బదరీనాథ్ వచ్చారు. కోర్టుల్లో సంస్థ తరఫున ఓడిపోయి ఓడిపోయి ఆయనకి దేనిమీదా ఆశ మిగల్లేదు. సంచీ బల్లమీద పడేసి, "రిజిస్టరు పోస్టులో వచ్చిందండీ. అందలేదనడానికి వీల్లేదు. ఎవరిమీదో ఒకరిమీద చర్య తీసుకోవాలి," అన్నారు.

"ఆ ఇరవైమంది తాగుబోతుల మీద?" అన్నారు విశాలాక్షిగారు, ఈసారి ఊపిరి పీల్చుకోకుండానే.

"కుదరదు. ఈ ఉత్తరం ప్రకారం ఆరేళ్ళూ మిషన్‌లోకి పోయిన ఊపిరి వాళ్ళది కాదు. వాళ్ళ ఊపిరి పరీక్షించలేదు గనక వాళ్ళు తాగారనడానికి సాక్ష్యం లేదు. ఈమధ్య దొరికినదానికి శోకధ్రువీకరణ పత్రాలు మీరే ఇచ్చారు."

"కాపలావాడి మీద?"

"ఎవరు వాడు? మన రికార్డుల్లో లేడు."

"మరి?"

"మిగిలింది ఒక్కరే," అని బదరీనాథ్ ఛార్జిషీటు తీశారు. "మద్యపాన నిరోధక నిబంధన పద్నాలుగు. ఇంతకీ ఈమె పేరేమిటి?"

పానకాలరావుగారు సర్వీసు పుస్తకం తెరిచి పాత పేరు చదివారు. బదరీనాథ్ కలం ఆపేశారు.

"ఆ పేరుతో ఛార్జిషీటు ఇస్తే మొదటి వాయిదాకే కొట్టేస్తారు. కలెక్టరుగారి పత్రం ప్రకారం ఆ మనిషి స్త్రీ, పేరు సలోమి. శిక్ష వేయాల్సినచోట పేరో లింగమో తప్పు పడితే ఇంకేమన్నా ఉందా! సన్మానమంటే ఎలా రాసినా చెల్లుతుంది, శిక్ష అలా కాదు. ముందు పుస్తకం సరిచేయించండి."

"దానికి పునఃపరిశీలన..." అని పానకాలరావుగారు నసిగారు.

"ఎండీగారు బయట కారులో కూర్చునే ఉన్నారు. ఇప్పుడే తీసుకెళ్ళండి."

రెండు నెలలుగా 'త్వరలో' ఉన్న పుస్తకం పదకొండు నిమిషాల్లో తిరిగి వచ్చింది. పేరు గడిలో పాతది ఎర్ర సిరాతో కొట్టేసి, పైన సలోమి. లింగం గడిలో స్త్రీ. పక్కన ఎండీగారి సంతకం, దానిమీద గుండ్రటి ముద్ర. శ్వాస ప్రసక్తి ఎక్కడా లేదు, ఎందుకంటే ఒకే మనిషిని సగం ముద్దాయిగా పెట్టడానికి చట్టం ఒప్పుకోదట.

అప్పుడు సలోమిని పిలిచారు. బదరీనాథ్ లేచి నిలబడి చదివారు.

"మూడో నంబరు డిపో మహిళా డ్రైవరు కుమారి సలోమి, స్త్రీ, వయసు ముప్పై ఏడు, అను నీవు, ఆరు సంవత్సరముల పర్యంతము, అధికారుల అనుమతి లేకుండా, మద్యరహితమగు శ్వాసను పదేపదే విడుదల చేసి, తద్వారా మద్యపాన నిరోధక నిబంధనలను ఉల్లంఘించితివి. ఇందుకు గాను మూడు మాసములు సస్పెండు చేయడమైనది. ఈ కాలమందు మద్య విమోచన తరగతులకు విధిగా హాజరు కావలెను."

"ఆమె తాగదు గదండీ," అన్నారు విశాలాక్షిగారు నోరు తెరిచి.

"నిబంధన పద్నాలుగు కింద శిక్ష పడినవాళ్ళంతా హాజరు కావాలి. తాగాలని నిబంధనలో లేదు."

పరాంకుశంగారు ఆనందంతో నోట్సు రాసుకుంటున్నారు. డిపో మహిళా డ్రైవర్లలో మద్యపాన కేసులు నూరు శాతం. పురుషుల్లో మళ్ళీ శూన్యం. అంకెలు ఇంత అందంగా కుదిరి చాలా కాలమైందని ఆయన మొహం చెబుతోంది.

సలోమి ఆ కాగితం తీసుకుని చదివింది. మొదటి వరస దగ్గరే ఆగిపోయింది. మహిళా డ్రైవరు కుమారి సలోమి, స్త్రీ. మళ్ళీ చదివింది. ఈ ఆఫీసు శాలువా కప్పింది, చప్పట్లు కొట్టింది, ఊపిరిని నిలువునా రెండుగా కోసింది. ఆమెని ఆమెగా ఒప్పుకున్నది మాత్రం ఇప్పుడు, నేరం మోపవలసి వచ్చినప్పుడు. ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. ఆమెకి నిజంగానే ఆనందంగా ఉంది, ఆ ఆనందం మీద ఆమెకే ఒళ్ళు మండింది కూడా.

"ఏడవమాకమ్మా," అన్నారు పానకాలరావుగారు కంగారుగా. "మూడు నెలలే గదా. అభ్యంతరాలుంటే పది రోజుల్లో రాతపూర్వకంగా ఇచ్చుకోవచ్చు."

సలోమి పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "ఎక్కడ పెట్టాలండీ సంతకం?"

బదరీనాథ్ వేలితో చూపించారు. ఆమె కాగితాన్ని బల్లమీద సరిచేసుకుని, కలం తీసుకుని, ఒక్కొక్క అక్షరమే నిదానంగా రాసింది.

"నేరం ఒప్పుకుంటున్నట్టేనా?" అని అడిగారాయన.

"నేరం మీ ఇష్టమండీ, మీకు తోచింది రాసుకోండి," అంది సలోమి కలం తిరిగి ఇస్తూ. "పేరు మాత్రం సరిగ్గా రాశారు."